ఎండ అందరికీ ఒకటేనా?

ప్రశ్న: మేడమ్, మాది విజయవాడ. మొగల్రాజపురం కొండకి దగ్గర్లో ఓ అపార్ట్‌మెంట్‌లో అన్నిటికంటే పై అంతస్తులో అద్దెకుంటున్నాం. మా వారు, నేను, ఇద్దరు పిల్లలు, అత్తగారు. మా వారిది ఆఫీసు ఉద్యోగం, నేను ఇంట్లోనే ఉంటాను. వయసు 43. ఏప్రిల్ వచ్చిందంటే చాలు, పొద్దున లేస్తూనే చిరాకు. బెడ్‌రూమ్‌లో ఏసీ ఉంది. మా వారు 18లో పెడతారు. ఆయన దుప్పటి కప్పుకుని నిద్రపోతుంటే నాకు అర్ధరాత్రి ఒళ్ళంతా చెమట పట్టి మెలకువొస్తుంది, కాసేపటికి వణుకు. అత్తగారు ఏసీ పడదని హాల్లో పడుకుంటారు. ఆవిడ కోసం పోయినేడు కూలర్ కొన్నాం. అది వేస్తే నేలంతా జిడ్డు, 'గాలి రాదు, తడి వస్తుంది' అని ఆవిడ సణుగుడు. ట్యాంకు నీళ్ళు రాత్రి తొమ్మిదైనా చెయ్యి పెట్టనివ్వవు. పిల్లలకి సెలవులు, గంటకోసారి 'తినడానికి ఏముంది' అంటారు. మొన్న సాయంత్రం ఉన్నట్టుండి ఈదురుగాలి లేచి, మేడ మీద పెట్టిన గుమ్మడి వడియాలన్నీ దుమ్ముపాలయ్యాయి. ఆ కోపంలో, చిన్నవాడు మంచినీళ్ళ గ్లాసు ఒలకబోశాడని వీపు మీద ఒక్కటిచ్చాను. తర్వాత నాకే ఏడుపొచ్చింది. మా వారితో చెబితే 'ఎండ అందరికీ ఒకటేగా, నీ ఒక్కదానికే కాస్తోందా' అన్నారు. నిజమేగా అనిపించింది. చిన్నప్పుడు నందిగామ దగ్గర మా ఊళ్ళో ఏసీలూ కూలర్లూ ఎక్కడివి? వేపచెట్టు కింద నులకమంచం వేసుకుని హాయిగా ఉండేవాళ్ళం. ఇప్పుడు నాకేమైంది? ఇది చాలదన్నట్టు మా ఆడపడుచు పిల్లలతో మే 25న వస్తానంది. ఆవకాయ పెట్టించుకుని, మూడు వారాలుండి వెళుతుందట. రావద్దని ఎలా చెప్పను? ఎండలకి ఇంత అతిగా అవుతున్నానా, లేక నా బుద్ధే ఇంతా?
— ఓ సోదరి, విజయవాడ

జవాబు: మీ బుద్ధి సంగతి తర్వాత. ముందు మీ వారి మాట తేల్చుకుందాం, ఎందుకంటే మీ ఉత్తరమంతా ఆ ఒక్క వాక్యం చుట్టూ తిరుగుతోంది. ఎండ అందరికీ ఒకటేనా? కాదమ్మా. ఊరందరికీ కాదు సరే, మీ ఇంట్లో ఉన్న అయిదుగురికి కూడా కాదు.

ఆయన పొద్దున తొమ్మిదిన్నరకి ఇల్లు దాటి ఏసీ ఆఫీసులో కూర్చుని సాయంత్రం వస్తారు. రోజులో ఎండ ముదిరే వేళంతా ఆయనకి అక్కడ గడిచిపోతుంది. పిల్లలు బెడ్‌రూమ్‌లో తలుపేసుకుని ఫోన్లు చూసుకుంటుంటారు. మీరెక్కడుంటారు? నడినెత్తిన స్లాబు, ఎదురుగా రెండు బర్నర్లు, పక్కన కుక్కర్ ఆవిరి. ఆ మూల ఫ్రిజ్ ఉంటే దాని లోపలి వేడంతా వెనకనుంచి అదే గదిలోకి వదులుతుంది. ఫ్యాన్ వేస్తే స్టవ్ మంట ఊగిపోతుందని, పోపు సరిగా వేగదని మీరే ఆపేసుంటారు. ఇంట్లో ఫ్యాన్ లేకుండా పనిచేసే మనిషి మీరొక్కరే. అది ఎవరూ గమనించలేదు, చివరికి మీరు కూడా.

చెమట పట్టడం ఒంటిని చల్లబరచడానికే. కానీ పట్టిన చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. కారిపోతే లాభం లేదు. మన కోస్తా గాలిలో ముందే తేమ ఎక్కువ, దానికి వంటింటి ఆవిరి తోడైతే చెమట ఆరే దారే ఉండదు. వాతావరణ శాఖ వాళ్ళు మైదాన ప్రాంతాల్లో కనీసం 40 డిగ్రీలుంటేనే వడగాడ్పు లెక్కలోకి తీసుకుంటారు. సముద్రం దగ్గరి ఊళ్ళకి మాత్రం, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగితే 37 నుంచే లెక్క. ఉక్కపోత ఎంత పని చేస్తుందో దీన్ని బట్టే చూడండి. పైగా టీవీలో చెప్పే అంకె నీడలో, గాలాడే పెట్టెలో పెట్టి కొలిచింది. మీ వంటింట్లో కొలిచింది కాదు.

అందుకే ఒక పని చెయ్యండి. గోడకి తగిలించే చిన్న థర్మామీటర్ ఒకటి కొనండి. స్టేషనరీ షాపుల్లో, ఆన్‌లైన్లో చవగ్గానే దొరుకుతుంది. తేమ కూడా చూపించేదైతే మరీ మంచిది. ఆదివారం మీ వారు ఇంట్లో ఉన్నప్పుడు, మధ్యాహ్నం పన్నెండున్నరకి, ముందు బెడ్‌రూమ్‌లో పది నిమిషాలు, తర్వాత హాల్లో పది నిమిషాలు, చివర వంటింట్లో స్టవ్‌కి కాస్త పక్కగా, మీ తల ఎత్తున ఇంకో పది నిమిషాలు ఉంచండి. అంకెలు ఆయన చేతే కాగితం మీద రాయించండి. మీరేం మాట్లాడకండి. మూడు గదుల అంకెలూ పక్కపక్కన కనబడ్డాక 'ఎండ అందరికీ ఒకటే' అన్నమాట మళ్ళీ అనడానికి ఎవరికైనా కాస్త మొహమాటం పుడుతుంది. ఇంటి గొడవల్లో నేను చూసినంతవరకు, 'నాకు కష్టంగా ఉంది' అనే మాట కంటే కాగితం మీది అంకెకి మగవాళ్ళు తొందరగా తలొగ్గుతారు. ఇది న్యాయం కాదు. కానీ పనవుతుందిగా.

ఇక వంటిల్లు. మీ చిరాకులో సగం అక్కడ తయారవుతోందని నా లెక్క, కాబట్టి డబ్బూ శ్రమా ముందు అక్కడే పెట్టండి. చిన్న గోడ ఫ్యాన్ ఒకటి మీ వెనకవైపు, భుజాల ఎత్తున పెట్టించండి. గాలి మీ వీపుకీ మెడకీ తగలాలి, స్టవ్ దాకా పోకూడదు. ఎలక్ట్రీషియన్‌కి మీరు నిలబడే చోటు చూపించి, అక్కడే నిలబడి కోణం సరిచేయించుకోండి. లేకపోతే అతను గది మధ్యకి తిప్పేసి వెళ్ళిపోతాడు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే వంట మొదలుపెట్టకముందే వెయ్యండి, వంటయ్యాక కూడా కాసేపు తిరగనివ్వండి. దాని రెక్కలకి పట్టిన నూనె జిడ్డు ఏడాదిగా తుడవకపోతే అది తిరుగుతున్నట్టు చప్పుడే తప్ప గాలి లాగదు. ఫ్రిజ్ గోడకి ఆనించి ఉంటే జానెడు ముందుకి జరపండి, వీలైతే హాల్లోకే మార్చండి.

దానికంటే ముఖ్యం పొయ్యి వెలిగించే వేళ. పన్నెండింటికి వేడివేడి అన్నం దించాలన్న రూలు మే నెలలో ఎవరు పెట్టారు? పొద్దున అయిదున్నర, ఆరుకి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకల్లా స్టవ్ ఆపెయ్యండి. మధ్యాహ్నానికి అన్నం, పప్పు, ఒక కూర అప్పుడే అయిపోతాయి. పప్పు సాయంత్రానికి పులిసిపోతుందంటారా, మధ్యాహ్నానికి సరిపడానే వండండి, మిగిలితే భోజనాలవగానే ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రికి అన్నం ఒక్కటే కావాలంటే ఎలక్ట్రిక్ కుక్కర్‌ని బాల్కనీలో ప్లగ్ ఉన్నచోట పెట్టి వండుకోండి, ఆవిరి బయటికే పోతుంది. అందులోకి పెరుగు, మామిడికాయ ముక్క, ఒక పచ్చడి. వారంలో రెండు రాత్రులు పెరుగన్నమూ పళ్ళే అని ముందే చెప్పేస్తే 'ఇవాళేంటి' అన్న ప్రశ్న కూడా ఉండదు. పిల్లల గంటకో ఆకలికి ఒక డబ్బా కేటాయించండి: వేయించిన పల్లీలు, అటుకుల మిక్చర్, అరటిపళ్ళు, ఫ్రిజ్‌లో సీసాల్లో మజ్జిగ. వాళ్ళే తీసుకోవాలి, గ్లాసు వాళ్ళే కడగాలి. ఎన్నో క్లాసో మీరు రాయలేదు కానీ, వీపు మీద ఒకటి తినే వయసొచ్చినవాడికి గ్లాసు కడిగే వయసు కూడా వచ్చినట్టే.

కూలర్ గురించి మీ అత్తగారన్నది అక్షరాలా నిజం, ఆవిడది సణుగుడు కాదు. కూలర్ పనిచేసేది పొడిగాలిలో. తడి మెత్తల్లోంచి గాలి వెళ్ళేటప్పుడు నీళ్ళు ఆవిరై ఆ గాలిని చల్లబరుస్తాయి. గాలిలో ముందే తేమ నిండుగా ఉంటే ఆ నీళ్ళు ఆవిరి కావు, గది తడవడమే మిగులుతుంది. అనంతపురంలోనో ఆదిలాబాద్‌లోనో చల్లగా ఆడే కూలర్ కాకినాడలో ఏడిపించేది అందుకే. బెజవాడ ఈ రెంటికీ మధ్యలో ఉంది. పడమటి వడగాడ్పు వీచే రోజుల్లో ఇక్కడ కూడా గాలి ఎండిపోయి కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. గాలి తూర్పుకి మళ్ళి సముద్రం వైపు నుంచి తేమ వస్తే దండగ. ఈ రోజు ఏ గాలి అన్నది తెలియాలంటే బాల్కనీలో నీడపట్టున తడి తువ్వాలు ఆరెయ్యండి. తొందరగా పెళపెళలాడిందా, కూలర్‌లో నీళ్ళు పోసి వేసుకోవచ్చు. గంట దాటినా చెమ్మగానే ఉందా, పంపు స్విచ్ ఆపేసి ఉత్త ఫ్యాన్‌లా వాడుకోండి.

ఇంకొకటి. చాలామంది చేసే పని, మీరూ చేస్తున్నారేమో చూడండి. చల్లదనం బయటికి పోతుందని తలుపులు కిటికీలు మూసి కూలర్ వేస్తారు. ఏసీకి అలా చెయ్యాలి, కూలర్‌కి చెయ్యకూడదు. దాని వీపు కిటికీకి ఆనించి బయటి గాలి లాగేలా పెట్టి, ఎదురుగా ఇంకో కిటికీయో తలుపో ఓరగా తెరిచి ఉంచాలి. తడి గాలి బయటికి పోయే దారి లేకపోతే నేల జిడ్డు కాక ఏమవుతుంది? మన పాత సర్కారు కచేరీల్లో కిటికీలకి వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు, గాలి ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు పోయేది. ఇదీ అదే కిటుకు. మెత్తలు పోయినేటివైతే మార్చేయండి. పాచి వాసన కూడా ఆవిడ చిరాకుకి ఒక కారణం కావచ్చు.

ఇప్పుడు ఒక విషయం కాస్త గట్టిగానే చెప్పాలి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ భయపెట్టింది మీ కోపం కాదు, పెద్దావిడ పై అంతస్తు హాల్లో మధ్యాహ్నమంతా ఉండటం. వయసు మీద పడ్డవాళ్ళకి దాహం తొందరగా తెలియదు, ఒంట్లో నీళ్ళు తగ్గుతున్నా తెలియదు. బీపీకి ఒంట్లో నీరు లాగే మాత్రలు వాడుతుంటే మరీ జాగ్రత్త. డాక్టరుకి ఫోన్ చేసి ఎండాకాలంలో మోతాదు సంగతి అడగండి, మీ అంతట మీరు ఆపకండి. బయట 40 దాటి గది కూడా అలాగే కాగుతున్నప్పుడు ఫ్యాన్ ఒంటికి సెగే కొడుతుంది. 40 దాటితే ఫ్యాన్‌ని నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. 2015 మేలో మన రెండు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా వడదెబ్బతో పోయారు. వాళ్ళంతా ఎండలో కూలి పని చేసినవాళ్ళే కాదు, ఇళ్ళలో ఉన్న ముసలివాళ్ళు కూడా ఉన్నారు. ఆవిడ మాట తడబడినా, ఎక్కడున్నారో తెలియనట్టు మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతున్నా కొబ్బరినీళ్ళూ నిమ్మరసమూ అంటూ కూర్చోకండి. 108కి ఫోన్ చేసి, వాళ్ళొచ్చేలోగా తడిబట్టతో ఒళ్ళంతా తుడుస్తూ గాలి తగలనివ్వండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకండి.

ఏసీ ఆవిడకి పడదంటే అది 18 డిగ్రీల ఏసీ పడదనే. ఎవరికి పడుతుంది కనక? 26లోనో 27లోనో పెట్టి, రెక్కలు పైకి తిప్పి గాలి నేరుగా మంచం మీద పడకుండా చేసి, పైన సీలింగ్ ఫ్యాన్ చిన్నగా తిప్పండి. కీళ్ళ నొప్పులవాళ్ళు కూడా ఉండగలరు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఇంట్లో ఉన్నవాళ్ళంతా ఆ ఒక్క గదిలోనే. మీరూ. 'మీరూ' అని విడిగా ఎందుకంటున్నానో మీకు తెలుసు. అందర్నీ అక్కడ పడుకోబెట్టి, మీరు వంటింట్లో గట్టు తుడుస్తూ ఉండిపోతారు.

రాత్రి 18 సంగతి. 18లో పెడితే గది తొందరగా చల్లబడుతుందని మీ వారి నమ్మకమై ఉంటుంది. మామూలు ఏసీ 18లో పెట్టినా 25లో పెట్టినా ఒకే వేగంతో చల్లబరుస్తుంది, 18 అంటే ఎక్కడా ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, అంతే. మండే స్లాబు కింద అది 18కి దిగను కూడా దిగదు, మీటరు మాత్రం తిరుగుతుంది. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు కలిసొస్తుందని కేంద్రప్రభుత్వ సంస్థ బీఈఈ లెక్క. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చెయ్యగానే 24 దగ్గర మొదలవ్వాలని నిబంధన కూడా పెట్టారు. బిల్లు ఆయన కడుతున్నట్టయితే ఈ పేరా ఆయన్నే చదవమనండి.

అయితే మీకు అర్ధరాత్రి చెమటలు పట్టి, వెంటనే వణుకు రావడం ఏసీ ఖాతాలోనూ ఎండ ఖాతాలోనూ వేసెయ్యకండి. ఆ చలిలో ఆయన దుప్పటి కప్పుకుంటే మీకు చెమటేమిటి? 43 ఏళ్ళు అన్నారు. ఆ వయసులో కొందరికి నెలసరి ఆగడానికి ముందే ఒంట్లోంచి ఆవిర్లు రావడం, నిద్ర తెగిపోవడం, ఉత్త పుణ్యానికే కోపం రావడం మొదలవుతాయి. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే ఉంటుంది. గైనకాలజిస్టుని ఒకసారి కలవండి, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. దీనికి ఎండలు తగ్గేదాకా ఆగక్కర్లేదు. ఉక్కపోతకీ దీనికీ ముడిపెట్టి మూడేళ్ళు అలాగే భరించిన ఆడవాళ్ళ ఉత్తరాలు నాకు ప్రతి వేసవిలోనూ వస్తుంటాయి.

మీ కప్పు సంగతికొస్తే, సాయంత్రం బయట కాస్త చల్లబడ్డా లోపల మండటానికి కారణం కాంక్రీటు. పగలంతా పీల్చుకున్న వేడిని అది నిదానంగా కిందికి వదులుతుంది. మధ్యాహ్నం ఎండ మీ మంచం మీదికి వచ్చేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. దానికి తోడు మీకు పక్కన కొండరాయి కూడా ఉంది, దాని సెగ వేరే. ఇంటి ఓనర్‌తో మాట్లాడి మేడ మీద తెల్ల సున్నం కొట్టించండి. సున్నంలో కాస్త జిగురు కలిపితే మొదటి వానకే కొట్టుకుపోదు. తెలుపు ఎండని వెనక్కి కొడుతుంది, స్లాబు అంతగా కాగదు. ఇది ఇంటి చిట్కా స్థాయి దాటిపోయింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది, 600 గజాలు, ఆ పైన స్థలంలో కట్టే ఇళ్ళకి అక్కడ అది తప్పనిసరి. ఓనర్ నసిగితే సున్నం మీరు కొంటామని, కూలి ఆయన్ని పెట్టుకోమని అడిగి చూడండి. కిటికీలు పొద్దున తొమ్మిది లోపు మూసి పరదాలు దించండి, పడమటి వైపువి ముందు. పొద్దుగూకి బయటి గాలి లోపలికంటే చల్లబడ్డాకే తెరవండి. నీళ్ళంటారా, నల్ల ట్యాంకు ఎండలో ఉన్నంతకాలం అంతే. తెల్లవారుజామున రెండు పెద్ద బకెట్లు, ఒక డ్రమ్ము పట్టి బాత్‌రూమ్‌లో మూతేసి ఉంచుకోండి, సాయంత్రం స్నానాలు వాటితో. పిల్లలకి ఈ పని అప్పగిస్తే పోట్లాడుకుంటూ చేస్తారు, చెయ్యనివ్వండి.

చిన్నవాడి విషయం. కొట్టడం తప్పని మీకు తెలుసు కాబట్టే రాశారు. వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని 'గ్లాసు ఒలికినందుకు కాదురా, వడియాలు పాడైన కోపం నీ మీద చూపించాను, అలా చెయ్యకుండా ఉండాల్సింది' అని ఉన్నమాట చెప్పండి. ఐస్‌క్రీమ్ కొనిపెట్టి సరిపెట్టకండి. ఐస్‌క్రీమ్ విడిగా ఎప్పుడైనా కొనండి. పిల్లలకి మన కోపం కంటే, ఆ కోపం ఎందుకొచ్చిందో అంతుపట్టకపోవడమే ఎక్కువ భయం. సాయంత్రం ఆరూ ఏడూ మధ్య మీకు పట్టరాని కోపం వస్తుందనుకుంటాను, చాలా ఇళ్ళలో ఆ వేళకే వస్తుంది. పగలంతా సరిగా నీళ్ళు తాగక, మధ్యాహ్నం నడుం వాల్చక, టీ కోసం మళ్ళీ స్టవ్ ముందుకి వెళ్ళే సమయమది. ఆ టీ మీ వారు పెట్టొచ్చు.

మీ నందిగామ వేపచెట్టుని తీసిపారెయ్యను. పెంకుటిల్లు, మట్టిగోడ, చెట్టునీడ రాత్రికల్లా చల్లబడతాయి, కాంక్రీటు పెట్టె చల్లబడదు. ఆ హాయి నిజమే. కానీ ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి, మీరు నులకమంచం మీద పడుకుని తాటిముంజలు తింటున్నప్పుడు మీ అమ్మగారు ఎక్కడున్నారు? కట్టెల పొయ్యి ముందు గొట్టంతో ఊదుతూ ఉండి ఉంటారు. ఆవిడకి కూడా సాయంత్రానికి కోపం వచ్చే ఉంటుంది. మీకు గుర్తులేకపోవచ్చు, లేదా ఆ కోపం మీ మీద కాక గిన్నెల మీద చూపించి ఉంటారు. 'ఇప్పుడు నాకేమైంది' అని అడిగారు. ఏమీ కాలేదు, మంచం మీది మనిషి పొయ్యి దగ్గరికి వచ్చింది. అప్పుడు కూడా ఆ ఇంట్లో ఎండ అందరికీ ఒకటి కాదు. అమ్మగారు ఉంటే ఫోన్ చేసి అడగండి, మీకంటే ఎక్కువ చెబుతారు.

వడియాల మీద ఎక్కువ చెప్పను. మేలో మధ్యాహ్నం మండిపోయి, మూడు తర్వాత గాలి ఒక్కసారి స్తంభించి, వాయవ్యం వైపు నల్లగా మబ్బు కడితే గంటలో ఈదురుగాలి ఖాయం. ఫోన్లో 'దామిని' యాప్ పెట్టుకుంటే దగ్గర్లో పిడుగులు పడుతున్నాయో లేదో చూపిస్తుంది, మేడ మీదికి ఎవర్నీ పంపకుండా ఉండటానికైనా పనికొస్తుంది. వడియాలు పెట్టిన గుడ్డని నాలుగు మూలలా ఎత్తి తెచ్చేలా మంచం మీద పెట్టుకోండి. అసలు ఈ ఏడు వడియాలు పెట్టకపోతే ఏమవుతుంది? కొనుక్కుంటారు. అంతే.

ఇక ఆడపడుచు. 25 అంటే సరిగ్గా రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలంటారుగా, అవి. మృగశిర వచ్చాక జూన్ రెండో వారంలో రమ్మనడం తేలికే గానీ, ఆవకాయ అప్పటిదాకా ఆగదు. వాన పడితే కాయలో నీరు చేరి ముక్క మెత్తబడుతుంది, నిలవ పచ్చడికి పనికిరాదు. కాబట్టి ఆవకాయ రోహిణికి ముందే పెట్టెయ్యాలి, ఈ మాట ఆవిడకి చెబితే ఎవరూ తప్పు పట్టరు. మీ వారు ఫోన్ చెయ్యాలి, మీరు కాదు. 'అమ్మలూ, వాన ముప్పు ఉంది, 18, 19కే వచ్చెయ్, ఒక వారం ఉండి పచ్చడి పట్టుకెళ్ళు, మిగతా రెండు వారాలు చల్లబడ్డాక దసరాకి ఉందువుగాని' అని అన్నగారు అంటే మాట నిలుస్తుంది. మీరంటే అదే మాట ఏడాదంతా తిరుగుతుంది.

నిజానికి మిమ్మల్ని అలసగొట్టేది ఆవకాయ కాదు. దానికి పొయ్యే వెలిగించక్కర్లేదు. కాయలు మార్కెట్లోనే ముక్కలు కొట్టించుకోవచ్చు, ఆ పని మీ వారిది. తెచ్చిన ముక్కల్లో జీడి తీసి పొడిగుడ్డతో తుడవడం పిల్లలందరూ ఏసీ గదిలో చాప మీద కూర్చుని చేస్తారు. కారం, ఆవపిండి, ఉప్పు, నూనె కలిపే చెయ్యి మీ అత్తగారిది, ఆవిడకి అది ఇష్టం కూడా అయి ఉంటుంది. ప్రాణం తీసేది వారమంతా తొమ్మిదిమందికో పదిమందికో పూటపూటా వండటం. దానికి ఫోన్లోనే ఒప్పందం కావాలి: పొద్దుటి వంట ఒక రోజు మీది, ఒక రోజు ఆడపడుచుది. సాయంత్రం టిఫిన్ బయటినుంచి, మీ వారి జేబులోంచి.

వచ్చాక ఆవిడకి ఇంకో పని కూడా అప్పగించండి. అత్తగారిని మధ్యాహ్నం పూట ఏసీ గదిలో పడుకోబెట్టడం. కోడలు చెబితే 'నన్ను హాల్లోంచి కూడా లేపుతోంది' అనిపించే మాట, కూతురు చెబితే ప్రేమలా వినిపిస్తుంది. ఆవిడ వచ్చేదాకా మాత్రం ఆ మాట రోజూ పదకొండున్నరకి ఆఫీసునుంచి ఫోన్ చేసి కొడుకు చెప్పాలి.